సీపాప్ పెట్టుకుని పడుకుంటే నాలుక కొరుక్కుంటున్నారా, దవడ బిగుసుకుంటోందా?

పొద్దున మాస్కు తీయగానే నాలుక పక్కన మంట, చెవి కింద దవడ నొప్పి, కణతల్లో పోటు ఉంటున్నాయా? అయితే ముందుగా నేను చెప్పేది ఒక్కటే. సీపాప్ అంటే నిద్రలో గొంతు మూసుకుపోకుండా మాస్కులోంచి ఒత్తిడితో గాలి పంపే మిషన్. దాన్ని తీసి అటక మీద పెట్టొద్దు. నిద్రలో ఊపిరి ఆగే జబ్బుకి (స్లీప్ ఆప్నియా) అదే మందు. అది మానేస్తే బీపీ, గుండె, పగటి మగత అన్నీ మళ్లీ మొదటికి వస్తాయి. నాలుక కోతకి కారణం విడిగా ఉంటుంది, వెతికితే దొరుకుతుంది. ఎట్టా వెతకాలో, మనం సర్దుకోగలిగింది ఏదో, డాక్టరు చేతికి వదలాల్సింది ఏదో ఇక్కడ రాస్తున్నా.

నాది కావలి. ఆడవాళ్ల బట్టలు కుడతాను. నెలసరి ఆగిపోయినాక గురక ఎక్కువై, జాకెట్టు కుడుతూ కుడుతూనే కునుకు పట్టేది. నెల్లూరులో నిద్ర పరీక్ష చేయించుకుంటే గంటకి 30 సార్లకి పైనే ఊపిరి ఆగుతోందని తేలింది. ఆ వయసు దాటిన ఆడవాళ్లలో ఈ జబ్బు పెరుగుతుంది. గురక మగవాళ్లదే అనుకుని మనవాళ్లు చూపించుకోరు, అది నాకు చాలా బాధ. సీపాప్ మొదలుపెట్టాక మగత పోయింది గానీ, నాలుక కోతలు మొదలైనాయి. డాక్టర్లని అడిగి తెలుసుకున్నదీ, పట్టీలూ ఎలాస్టిక్కుల గురించి నా పనిలో నేర్చుకున్నదీ కలిపి చెప్తున్నా.

ముందు ఫిట్స్ కాదని తేల్చుకోండి

నిద్రలో నాలుక పక్క అంచు లోతుగా తెగడం ఫిట్స్‌లోనూ ఉంటుంది. దిండు మీద రక్తం, పక్క తడవడం, లేచాక కాసేపు ఎక్కడున్నారో తెలియకపోవడం, ఒళ్లంతా కొట్టినట్టు నొప్పులు, కాళ్లూ చేతులూ కొట్టుకోవడం పక్కనున్నవాళ్లు చూడటం. వీటిలో ఏ ఒక్కటి నాలుక కోతతో కలిసి వచ్చినా, కింద నేను రాసిన సర్దుబాట్లు చేసుకుంటూ కూర్చోకుండా నరాల డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఆయన చూసేదాకా బండి నడపొద్దు. బావి దగ్గరికీ చెరువుకీ ఒంటరిగా పోవద్దు.

కళ్ల ముందే ఫిట్స్ వస్తే ఇంట్లో వాళ్లు మాస్కు తీసేసి, మనిషిని పక్కకి ఒత్తిగిల్లేలా తిప్పాలి. నోట్లో చెంచా, గుడ్డ, వేలు ఏమీ పెట్టకూడదు. చేతిలో తాళాలు పెడితే ఆగదు. 5 నిమిషాలు దాటినా ఆగకపోతే 108కి ఫోన్ చేయాలి.

ఇంకొకటి. నాలుక మీద పుండు 2 వారాలైనా మానకపోతే, రోజూ కొరుక్కుంటున్నాం గదా అని వదిలేయొద్దు. వక్క, గుట్కా, ఖైనీ, చుట్ట అలవాటున్నవాళ్లు అసలు వదలకూడదు. నోటి క్యాన్సర్ కాదని డాక్టరే చూసి చెప్పాలి.

తెగిన నాలుకకి ఇంట్లో చేసేది

శుభ్రమైన నూలు గుడ్డతో నొక్కి పట్టుకోండి. గుడ్డలో చుట్టిన ఐసు ముక్క ఆనిస్తే వాపు తగ్గుతుంది. పావుగంట నొక్కినా రక్తం ఆగకపోయినా, గాయం నోరు తెరిచినట్టు ఉన్నా ఆసుపత్రికి పోవాలి. గ్లాసు గోరువెచ్చటి నీళ్లలో అర చెంచా ఉప్పు వేసి, తిన్న ప్రతిసారీ పుక్కిలించండి. మజ్జిగన్నం, చల్లారిన రాగి జావ హాయిగా దిగుతాయి. చేపల పులుసు మాత్రం మానేదాకా ఆపుకోవాలి, చింతపండూ కారమూ కలిసి గాయం మీద నిప్పు పెడతాయి. పుండుకి రాసే తిమ్మిరి జెల్ రాత్రి పడుకోబోయే ముందు రాయొద్దు. మొద్దుబారిన నాలుక పళ్ల మధ్యకి పోయినా మనకి తెలియదు.

అద్దం ముందు టార్చి పట్టుకుని చూడాల్సినవి

మాస్కు తీసిన వెంటనే, పళ్లు తోమకముందే చూడండి. నాలుక అంచు పొడవునా రెండు పక్కలా పంటి గుంటలు వరసగా ఉంటే, నాలుక రాత్రంతా పళ్లకి ఒత్తుకుందని అర్థం. అప్పుడు గాలి కారడం, ప్రెజరు చాలకపోవడం ముందు అనుమానించాలి. ఒకే చోట, ఒకే పక్క కోత పడుతుంటే ఆ చోట ఏ పన్ను ఉందో వేలితో తడమండి. విరిగిన పన్ను, పదునెక్కిన పాత సిమెంటు, సరిగా కూర్చోని క్యాప్, వంకరగా వచ్చిన జ్ఞానదంతం ఏదో ఒకటి తగులుతుంది. దవడ పన్ను పీకించుకుని ఖాళీ వదిలేసిన వాళ్లకి నాలుక ఆ సందులోకే పోతుంది. ఇవన్నీ పళ్ల డాక్టరు ఒక్కసారి కూర్చోబెట్టి సరిచేసే పనులు.

బుగ్గ లోపల పళ్లు కలిసే గీత వెంట తెల్లగా ఒత్తిన గీత ఉంటే, పళ్లు బిగిస్తున్నారన్నమాట. పళ్లు గట్టిగా కలిపి, చెవి కింద దవడ మూల మీద వేళ్లు పెట్టండి, ఒక కండ ఉబ్బుతుంది. పొద్దున లేవగానే ఆ కండని నొక్కితే నొప్పి పెట్టినా అదే గుర్తు.

నిద్రపోయేవాళ్లకి తమ దవడ కనపడదు గదా. పక్కన పడుకునేవాళ్లు చూడాలి. మా ఆయన నా ఫోను తలదిండు పక్కన పెట్టి రాత్రి చప్పుడు రికార్డు చేశాడు. పళ్లు నూరే కరకర, గాలి కారే సుయ్యిమనే శబ్దం తర్వాత వస్తోందని దాంట్లోనే తెలిసింది. డాక్టరు గారికి ఆ రికార్డే ఎక్కువ పనికొచ్చింది.

మిషన్ తెర మీద రెండు అంకెలు

గంటకి ఎన్నిసార్లు ఊపిరి ఆగిందో చెప్పే అంకె ఒకటి, దాన్ని ఏహెచ్ఐ అంటారు. అది 5 లోపు ఉండాలి. రెండోది లీక్, అంటే మాస్కులోంచి కారిపోయే గాలి. కొన్ని మిషన్లు అంకె చూపిస్తాయి, కొన్ని నవ్వే ముఖం బొమ్మ చూపిస్తాయి. నాలుక తెగిన రోజున ఈ రెండూ ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి, తెగని రోజున కూడా రాయండి. రెండూ పక్కపక్కన ఉంటేనే తేడా కనిపిస్తుంది.

ఎందుకంటే, గొంతు మూసుకుపోతున్నప్పుడు మెదడు ఉలిక్కిపడి మనల్ని సగం లేపుతుంది. కొంతమందికి దవడ కండరాలు ఆ క్షణంలో బిగుసుకుంటాయి. అందుకే ప్రెజరు సరిగ్గా కుదిరితే పళ్లు నూరడం తగ్గినవాళ్లు ఉన్నారు. ఏహెచ్ఐ 5 దాటుతుంటే ప్రెజరు మార్చాల్సి రావచ్చు. సీపాప్ ప్రెజరు మామూలుగా 4 నుంచి 20 సెంటీమీటర్ల నీటి మట్టం దాకా ఉంటుంది. ఎవరికి ఎంత అన్నది పరీక్ష చూసి డాక్టరు పెట్టేది. పక్కింటాయన అంకె చూసి మనం తిప్పకూడదు. నిద్ర పట్టేదాకా ప్రెజరు మెల్లగా పెంచే ర్యాంప్, గాలికి తేమ కలిపే హ్యూమిడిఫయర్ మాత్రం మనం మార్చుకోవచ్చు.

మాస్కు పట్టీ

ఇక్కడ నేను రవంత ఎక్కువసేపు ఆగుతా. నాకు తెలిసి జాస్తి మందికి తేడా ఇక్కడే వస్తోంది.

గాలి కారుతోందనగానే అందరూ పట్టీ బిగిస్తారు. ముక్కూ నోరూ రెండూ కప్పే ఫుల్ ఫేస్ మాస్కు కింది అంచు, కింది పెదవి కింద పల్లంలో కూర్చుంటుంది. కింది పట్టీలు బిర్రుగా లాగితే ఆ అంచు గడ్డాన్ని వెనక్కి నెడుతుంది. గడ్డం వెనక్కి పోతే నోట్లో నాలుకకి చోటు తగ్గుతుంది, గొంతూ ఇరుకవుతుంది. కింది పళ్లు రోజూ కలిసే చోట కలవవు, నాలుక అంచు వాటి మధ్యలో పడుతుంది. ఆ నెట్టుడుని తట్టుకోవడానికి దవడ రాత్రంతా బిగుసుకునే ఉంటుంది. ఆస్ట్రేలియాలోని సిడ్నీలో కాలిన్ సల్లివాన్ అనే డాక్టరు ఈ వైద్యాన్ని మొదటిసారి చేసి 1981లో లోకానికి చెప్పినప్పుడు కూడా గాలి పెట్టింది ముక్కు ద్వారానే. ముక్కు బాగా ఆడేవాళ్లు గడ్డాన్ని ముట్టుకోకుండా ముక్కుకి మాత్రమే పెట్టే నేసల్ మాస్కుకి మారవచ్చేమో డాక్టరుని అడగండి. నాకు ఆ మార్పుతోనే సగం నొప్పి పోయింది.

పట్టీ సర్దేది కూర్చుని కాదు, పడుకుని, గాలి వస్తుండగా. పట్టీలన్నీ వదులు చేయండి. మాస్కు ముఖానికి ఆనించి, రవంత ముందుకి లాగి వదిలితే ముఖానికి ఆనే రబ్బరు కుషన్ ఉబ్బి తన చోట కూర్చుంటుంది. ముందు పై పట్టీలు, తర్వాత కిందివి, రెండు పక్కలా సమానంగా, పిసరంత పిసరంత బిగించండి. గాలి కారడం ఆగిన చోట చేయి తీసేయండి. పట్టీ కింద వేలు దూరాలి. ఇప్పుడు అసలు పరీక్ష. మాస్కు లేనప్పుడు పళ్లు మెల్లగా కలిపి ఎక్కడ కలుస్తున్నాయో గుర్తు పెట్టుకోండి. మాస్కు పెట్టాక మళ్లీ కలపండి. కలిసే చోటు మారిందంటే కింది పట్టీ బిర్రు ఎక్కువైనట్టే.

ఇంతా చేసి కుదిరిన కొలత, ఉతికిన రోజున పోతుంది. దానికి నేను చేసేది ఇది. వెల్క్రో ఎక్కడ అతుక్కుందో అక్కడ పట్టీ మీద ఎర్రదారంతో ఒక్క కుట్టు వేస్తా. ఉతికి మళ్లీ పెట్టేటప్పుడు వెల్క్రోని ఆ కుట్టు దాకా తెస్తే చాలు. కుట్టు గుడ్డ పట్టీ మీదే వేయాలి, రబ్బరు కుషన్‌కి సూది తగలకూడదు. మాస్కు ముందు ఉండే చిన్న చిన్న బెజ్జాలు మనం వదిలిన గాలి బయటికి పోవడానికి, వాటి మీద గుడ్డ ఏదీ రాకూడదు. పట్టీ చల్లటి నీళ్లలో ఉతికి నీడన ఆరేయండి. ఎండకీ వేడి నీళ్లకీ ఎలాస్టిక్ తొందరగా సాగిపోతుంది. సాగదీసి వదిలితే వెంటనే మొదటి పొడవుకి రావాలి. రాకపోతే ఎంత బిగించినా అర్ధరాత్రికి వదులవుతుంది. అప్పుడు చేయాల్సింది పట్టీ మార్చడం.

ఆడవాళ్లకి ఇంకో మాట. కొప్పు పెట్టుకుని పడుకుంటే వెనక పట్టీ పైకి జారి, మాస్కు గడ్డాన్ని లాగుతుంది. వదులుగా జడ వేసుకుని, పట్టీ జడ కింద నుంచి పోనివ్వండి. ముఖానికి కొబ్బరి నూనె, క్రీము రాసుకుంటే కుషన్ జారుతుంది. అవి పొద్దున రాసుకోండి.

గొట్టం కూడా చూడండి. మన దగ్గర దోమతెర లేనిదే నిద్ర లేదు. తెర అంచుని పరుపు కింద దోపేటప్పుడు గొట్టం ఇరుక్కుంటే, మనం ఒత్తిగిల్లినప్పుడల్లా మాస్కు ఒక పక్కకి లాగుతుంది, దవడా అటే పోతుంది. గొట్టాన్ని తల పైనుంచి తెచ్చి, మంచం తలవైపు మెత్తటి గుడ్డతో వదులుగా కట్టండి. అటూ ఇటూ తిరగడానికి సరిపడా పొడవు లోపల వదలండి. నాకు కుడిపక్కే కోతలు పడటం గొట్టం చోటు మార్చాక తగ్గింది.

గడ్డం కట్టు అడిగేవాళ్లకి

నోరు తెరుచుకోకుండా గడ్డం పట్టీ కుట్టివ్వమని నా దగ్గరికి వచ్చేవాళ్లు ఉన్నారు. ముందు వాళ్లని అడిగేది, ముక్కు ఆడుతోందా అని. ముక్కు దిబ్బడ ఉంటే నోరు తెరుచుకుంటుంది, గాలి నోట్లోంచి పోతుంది, దాన్ని ఆపడానికి నాలుక తెలియకుండానే పళ్ల మధ్యకి వచ్చి అడ్డం పడుతుంది. అట్టాంటప్పుడు ముక్కుకి వైద్యం కావాలి. కాచి చల్లార్చిన నీళ్లతో చేసిన ఉప్పునీటితో ముక్కు కడగడం, తేమ రవంత పెంచడం, అలర్జీకి డాక్టరు ఇచ్చిన స్ప్రే వాడటం ముందు చేయాలి. కుళాయి నీళ్లు నేరుగా ముక్కులోకి పోయకూడదు. హ్యూమిడిఫయర్‌లో మెడికల్ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ పోయండి. మా బోరు నీళ్లు పోస్తే తెల్లటి గార కడుతుంది.

ముక్కు బాగుండి, డాక్టరు సరేనంటే, కట్టు వెడల్పుగా, మెత్తటి నూలు గుడ్డతో ఉండాలి. గడ్డం కింద నుంచి చెవుల ముందుగా నడినెత్తికి నిటారుగా పోవాలి. మెడ వెనక్కి లాగే కట్టు దవడని వెనక్కి తోస్తుంది, అంటే మనం తప్పించుకోవాలనుకున్న గొడవే మళ్లీ తెచ్చుకున్నట్టు. పెదాలు ఆనేంత బిగువు చాలు, పళ్లు ఒకదాని మీద ఒకటి నొక్కుకోకూడదు. నోరు తెరవాలనుకుంటే తెరుచుకోవాలి. తుపాను రాత్రుల్లో కరెంటు పోయి నేసల్ మాస్కులో గాలి ఆగితే నోటితోనే పీల్చుకోవాలి గదా. అందుకే నోటికి టేపు అతికించుకోవడం నేను ఎవరికీ చెప్పను. ఇన్వర్టర్ ఉన్నవాళ్లు కరెంటు పోయినప్పుడు హ్యూమిడిఫయర్ వేడి ఆపేస్తే బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది.

పగలు దవడ ఏం చేస్తోందో గమనించండి

మా పనిలో దారం పళ్లతో తెంపుతాం, గుండుసూదులు పళ్ల మధ్య పట్టుకుంటాం. పెళ్లిళ్ల సీజన్‌లో, సంక్రాంతికి ముందు పొద్దుగూకులూ అదే. పగలంతా బిగిసిన కండ రాత్రి ఒక్కసారిగా వదలదు. ఇప్పుడు మెడలో చిన్న కత్తెర వేలాడేసుకుంటున్నా, సూదులకి మణికట్టు మీద దిండు. మీ పని ఏదైనా సరే, లెక్కలు రాసేటప్పుడు, హైవే మీద బండి నడిపేటప్పుడు, ఫోన్లో వాదించేటప్పుడు పళ్లు కలిసి ఉన్నాయేమో చూసుకోండి. తినేటప్పుడూ మింగేటప్పుడూ తప్ప పై పళ్లూ కింది పళ్లూ తాకకూడదు.

దవడ వదలడానికి సులువు పద్ధతి ఉంది. ‘న’ అనండి. నాలుక కొన పై పళ్ల వెనక ఆనుతుంది. దాన్ని అక్కడే ఉంచి, పెదాలు మూసి, పళ్లు విడదీసి, ముక్కుతో నెమ్మదిగా ఊపిరి తీసుకోండి. కుట్టు మిషన్ మీద బాబిన్ మార్చిన ప్రతిసారీ నేను ఇది చేస్తా. రాత్రి మాస్కు పెట్టుకునే ముందు కూడా ఇదే. దానికంటే ముందు వేడినీళ్లలో ముంచి పిండిన తువాలు దవడ మూలలకి పది నిమిషాలు కాపడం పెట్టి, ఆ కండని వేళ్లతో గుండ్రంగా మర్దన చేయండి. వక్కపొడి, చూయింగ్ గమ్ నములుతూ ఉండేవాళ్లు అవి మానితే దవడకి విశ్రాంతి.

సాయంత్రం తర్వాత టీ, కాఫీ తగ్గించండి. మద్యమూ పొగాకూ పళ్లు నూరడాన్ని పెంచుతాయి. గుండెల్లో మంట ఉన్నవాళ్లు పడుకోవడానికి రెండు మూడు గంటల ముందే తినేయాలి. దిగులుకీ ఆందోళనకీ వాడే కొన్ని మాత్రలు, ఫ్లూయాక్సెటిన్, సెర్ట్రలిన్, పారాక్సెటిన్ లాంటివి, కొందరిలో దవడ బిగిస్తాయి. అవి వాడుతుంటే సొంతంగా ఆపకుండా, రాసిన డాక్టరుకి ఈ సంగతి చెప్పండి. మోతాదు గానీ మందు గానీ ఆయన మారుస్తారు.

నైట్ గార్డు గురించి

ఇవన్నీ సర్దుకున్నా పళ్లు అరుగుతుంటే, నాలుక తెగుతుంటే పళ్ల డాక్టరు అచ్చు తీసి రాత్రి పళ్లకి తొడుక్కునే గార్డు చేస్తారు. వెళ్లగానే చెప్పాల్సిన మాట: నాకు స్లీప్ ఆప్నియా ఉంది, సీపాప్ వాడుతున్నా. పై పళ్లకి మాత్రమే వేసే గార్డు కొందరిలో ఊపిరి ఆగడాన్ని పెంచగలదు. నాలుక చోటు తినేసే మందపాటి గార్డు మనకి పనికిరాదు. వేడినీళ్లలో వేసి కొరికి అచ్చు తీసుకునే ఆటల గార్డులు అందుకే వద్దంటున్నా. మరీ మెత్తటివైతే కొంతమంది వాటిని ఇంకా నములుతారు. కింది దవడని ముందుకి పట్టి ఉంచే పరికరాలు వేరే ఉన్నాయి, అవి ఆప్నియా వైద్యంలో భాగం. అవసరమైతే నిద్ర డాక్టరూ పళ్ల డాక్టరూ మాట్లాడుకుని నిర్ణయించాలి.

గార్డు వచ్చాక మాస్కు మళ్లీ మొదటినుంచి సర్దుకోవాలి. నోట్లో ఎత్తు మారితే గడ్డం చోటు మారుతుంది, పాత ఎర్రకుట్టు పనికిరాదు. పళ్ల డాక్టరు దగ్గరికి పోయేటప్పుడు మాస్కు సంచిలో పెట్టుకుని వెళ్లండి. కుర్చీలో పడుకుని, గార్డు పెట్టుకుని, దాని మీద మాస్కు పెట్టి చూపించండి. నిద్ర డాక్టరు దగ్గరికి గార్డు, మాస్కు, రాసిన పుస్తకం, ఫోను రికార్డింగు పట్టుకెళ్లండి. మిషన్‌లో మెమరీ కార్డు ఉంటే అదీ తీసి చిన్న కవర్లో వేసుకోండి, ఏ రాత్రి ఎన్ని గంటలకి గాలి కారిందో దాంట్లో చాలావరకు కనిపిస్తుంది.